భోజనాల గదిలో టబ్బు

ఫిబ్రవరి 8, 1988, సోమవారం

ఈ ఏడాది డైరీ ఇవాళే తెరిచాను. జనవరి అంతా తెల్లగానే ఉండిపోయింది. రాయడానికి ఏమీ లేక కాదు, రాయబుద్ధి కాక.

ఆఫీసులో తొమ్మిది క్యాసెట్లు చూశాను. అందులో ఆరు అమెరికా కామెడీలు. ఆరింటికీ ‘మనవాళ్లకు నప్పదు’ అని రాసి సంతకం పెట్టాను. ఒకదాంట్లో ఇరవై రెండు నిమిషాలూ బేస్‌బాల్ గోలే. ఇంకోదాంట్లో చివరికి ఇంటిల్లిపాదీ కౌగిలించుకుని కళ్లు తుడుచుకున్నారు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, మా నార్విచ్‌లో ఎవరైనా అలా చేస్తే పక్కింటివాళ్లు డాక్టరుకి ఫోన్ చేస్తారు. నోటుపుస్తకంలో నేను కౌగిలింతలకు గీతలు పెడుతుంటాను. మూడు దాటాయంటే ఇక ఆలోచించక్కర్లేదు.

రెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం. అంతకుముందు ఇదే టెలివిజన్ కంపెనీలో టైపిస్టుని. అమెరికా వాళ్లు అమ్మచూపే ప్రోగ్రాములు ముందు నేను చూసి ఒక పేజీ రాస్తాను. మా మేనేజరు గారడ్ గారు ఆ పేజీ చదివి కొనాలో వద్దో తేలుస్తారు. నేను నప్పదన్నవాటిని ఈ చుట్టుపక్కల ఎవరూ ఎన్నటికీ చూడరు. ఏం పోగొట్టుకున్నారో కూడా వాళ్లకు తెలియదు.

మా ఆయన బెర్నార్డ్ ఇంకా లోస్టాఫ్ట్ ఊళ్లోనే ఉన్నాడు. ఈ నెలతో రెండేళ్లు. అతని కోటు తలుపు వెనకే వేలాడుతోంది కాబట్టి ఇది తాత్కాలికమే. దీని గురించి ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 12, శుక్రవారం

ఆర్లీన్ ఉత్తరం వచ్చింది. నీలం రంగు ఎయిర్‌మెయిల్ కాగితాలు, మూడు.

నాకు పదహారేళ్లప్పుడు మా స్కూల్లో కలం స్నేహానికని తలా ఒక అమెరికా అమ్మాయి అడ్రసు పంచారు. నాకు ఒహాయోలో టోలీడో అనే ఊరి అమ్మాయి వచ్చింది. మిగతావాళ్లంతా క్రిస్మస్‌కల్లా మానేశారు. మేమిద్దరం ఇరవై ఏడేళ్లుగా మానలేదు. ఒకరినొకరం ఎప్పుడూ చూసుకోలేదు. నాకున్న స్నేహితురాలు ఆమె ఒక్కతే అని రాస్తే జాలిగా వినిపిస్తుంది కానీ, లెక్కపెట్టి చూశాను, అంతే.

ఈసారి సంగతి: ఆమె భర్త హాల్ చర్చిలో పాటల బృందంలో చేరాడట. పాడటం రాదు కాబట్టి వెనక వరసలో నిలబడి ఊరికే నోరు ఆడిస్తున్నాడట. మొన్న ఆదివారం మిగతా అందరికీ జలుబు చేసి హాల్ ఒక్కడే మిగిలాడట. సరిగ్గా అక్కడ ఆపి, ‘ఒక్క నిమిషం ఉండు, ఆరేసిన బట్టలు తీసి వస్తాను’ అని రాసింది. ఎప్పుడూ అంతే. ఉత్తరం మధ్యలో పొయ్యి మీద ఏదో పొంగుతుంది, లేకపోతే తలుపు ఎవరో కొడతారు. తర్వాత తిరిగొచ్చి మిగతాది చెబుతుంది.

క్యాంటీన్‌లో టీ పోసే హెట్టీ అప్పటికే కాచుకుని ఉంది. ‘ఏమ్మా ఏవ్రిల్, మన అమెరికా వాళ్ల సంగతులేంటి?’ అంది. చదివి వినిపించాను. ఫిల్ములు కత్తిరించి అతికే కటింగ్ గదిలో పనిచేసే ఇద్దరు కూడా కుర్చీలు జరుపుకుని కూర్చున్నారు. హెట్టీ కడుపుబ్బ నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఈ ఆఫీసులో ఆర్లీన్ ఇల్లంటే తెలియనివాళ్లు లేరు.

జవాబు రాశాను. బెర్నార్డ్ గురించి ‘బాగున్నాడు, గులాబీలు కత్తిరించాడు’ అని. గులాబీలు ఎవరో ఒకరు కత్తిరించాలి కదా, నేనే కత్తిరించాను. అసలు విషయం ఆమెకు ఇంకా చెప్పలేదు. సందర్భం రాలేదు. ఈ కొత్త ఉద్యోగం సంగతీ చెప్పలేదు. అతను వెళ్లిన నెలలోనే ఇది వచ్చింది. ఒకటి రాస్తే రెండోదీ రాయాల్సి వస్తుంది.

ఫిబ్రవరి 23, మంగళవారం

కొత్త పార్సిల్. ‘వాల్టర్‌ని అడగండి’ అనే కామెడీ. అమెరికాలో తొమ్మిదేళ్లుగా నడుస్తోందట, ఈ వసంతంతో అయిపోతుందట. బ్రిటన్‌లో ఇంతవరకూ ఎవరూ కొనలేదు. నమూనాకి అక్కడక్కడి నుంచి ఇరవై భాగాలు పంపారు.

మొదట చేతికొచ్చింది పెట్టాను. వాల్టర్ అనే లావుపాటి మనిషి చవగ్గా వచ్చిందని పాత బాత్‌టబ్ ఒకటి కొనుక్కొస్తాడు. అది స్నానాల గది తలుపులో పట్టదు. మళ్లీ బయటకు తీయబోతే వీధి తలుపులోనూ పట్టదు. వచ్చిన దారి ఎలా పట్టిందో ఎవరికీ అర్థం కాదు. చివరికి భోజనాల గదిలోనే ఉండిపోతుంది. దానిమీద చెక్కపలక పరిచి, దుప్పటి కప్పి, ఆ ఏడాది నవంబర్‌లో వచ్చే థాంక్స్ గివింగ్ పండగ విందు దానిమీదే తింటారు.

పలక రాకముందే నాకు నవ్వొచ్చింది. దుప్పటి మీద నీలం చారలుంటాయని అనుకున్నాను. తెర మీద దుప్పటి వచ్చింది. నీలం చారలే.

క్యాసెట్ ఆపాను.

ఈ టబ్బు నాకు తెలుసు. 1983 నవంబర్‌లో ఆర్లీన్ దీని గురించి నాలుగు పేజీలు రాసింది. నేను బెర్నార్డ్‌కి చదివి వినిపించాను. అతను నవ్వి నవ్వి టీ ఒలకబోసుకున్నాడు. మేమిద్దరం కలిసి నవ్విన చివరిసారి అదేనేమో, సరిగ్గా చెప్పలేను.

కౌగిలింతలు: లెక్కపెట్టలేదు.

ఫిబ్రవరి 24, బుధవారం

ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు ఫోన్ చేశాను. నిజానికి బాగానే ఉంది.

బిస్కట్ల డబ్బాలు ఆరు దించి ఉత్తరాలన్నీ చదివాను. 1979కి ముందువి మామూలు ఉత్తరాలు. చదువు, హాల్‌తో పెళ్లి, ఫోటోలు, వానలు, పిల్లలు పుట్టలేదన్న దిగులు. 1979 అక్టోబర్ నుంచి వేరు. మొదటిది: హాల్ అక్క పోయిందట, ఆమె పిల్లలిద్దరూ వానలో తడుస్తూ చెరో సంచితో గుమ్మంలోకి వచ్చారట, ఇక తమ దగ్గరే ఉంటారట. నేను ఆ ఉత్తరం పట్టుకుని ఏడ్చాను. ఆ చలికాలం రెండు స్వెట్టర్లు అల్లి పంపాను. పిల్లాడికి నీలం, పిల్లకి ఎరుపు. ‘పిల్లలు ఒంటి మీద నుంచి తీయనంటున్నారు’ అని ఆర్లీన్ రాసింది.

‘వాల్టర్‌ని అడగండి’ మొదటి భాగంలో ఏముందో చూడకుండానే చెప్పగలను.

అప్పట్నుంచి అన్ని ఉత్తరాల మీదా తేదీ గురువారమే, అక్కడ ఆ ప్రోగ్రాము వచ్చే రోజు. ఫోటోలు ఆ తర్వాత ఒక్కటీ లేవు, హాల్‌కి కెమెరా గిట్టదని రాసింది. మధ్యలో ఆరేసిన బట్టలు తీయడం, పొయ్యి కట్టేయడం ఎందుకో ఇప్పుడు తెలిసింది. అవి ప్రకటనలు వచ్చే చోట్లు. చూస్తూ చూస్తూనే రాసేది.

1980 జనవరి ఉత్తరంలో చివర చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న ఉంది. నేను మర్చేపోయాను. ‘నువ్వు టెలివిజన్ ఆఫీసులో టైపు చేస్తావు కదా, మా ప్రోగ్రాములు మీకు చూపిస్తారా? వాల్టర్‌ని అడగండి లాంటివి?’ అని. అప్పట్లో కొనుగోళ్ల గది దాకా వెళ్లి అడిగొచ్చాను. ‘ఇక్కడ ఎవరికీ దాని పేరే తెలియదు, ఎప్పటికీ కొనరట’ అని జవాబు రాశాను. భయం లేదు, కానివ్వమని నేనే ఆమె భుజం తట్టినట్టయింది.

ఫిబ్రవరి 25, గురువారం

మొదటి భాగం చూశాను. వాన. రెండు సంచులు.

మార్చి 1, మంగళవారం

కోపంగా ఉంది, రాసేస్తే పోతుందేమో. తొమ్మిదేళ్లు నన్ను వెర్రిదాన్ని చేసింది. ఆ లేని పిల్లల పుట్టినరోజులకు కార్డులు పంపాను. పిల్లాడు లెక్కల్లో తప్పాడంటే బెంగపెట్టుకున్నాను. వాళ్ల ఇంట్లో అంత సందడి ఉంటే మా ఇంట్లో ఎందుకు లేదని బెర్నార్డ్ ముందు ఎన్నోసార్లు అన్నాను. ‘హాల్‌ని చూసి నేర్చుకో’ అని కూడా అన్నాను. లేని మనిషితో పోల్చి ఉన్న మనిషిని సాధించాను.

అయితే హాల్ ఉన్నాడో లేడో నాకేం తెలుసు. అసలు ఆర్లీన్ ఏం తింటుందో, ఏం పనిచేస్తుందో కూడా తెలియదు.

మనిషన్నాక కాస్త నిజాయితీ ఉండాలి.

మార్చి 4, శుక్రవారం

ఉత్తరం వచ్చింది. విప్పలేదు. క్యాంటీన్‌కి వెళ్లలేదు.

మార్చి 8, మంగళవారం

గారడ్ గారు నా గదిలోకి తొంగిచూసి ఓ పది నిమిషాలు నిలబడ్డారు. ఆయన నిలబడి చూడటం ఈ రెండేళ్లలో ఇదే మొదలు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి మా ప్రసారాల్లో అరగంట ఖాళీ ఉందట, అందరూ ఆదివారపు రోస్ట్ మాంసం తింటూ చూసుకోవచ్చట. ‘ఇందులో ఏదో ఉంది ఏవ్రిల్, మీ రిపోర్టు ఎప్పుడిస్తారు?’ అన్నారు. మిగతా భాగాలు, చివరివి కూడా తెప్పించండి, అన్నీ చూస్తే గానీ చెప్పలేనన్నాను. ఇరవై భాగాలు చూసి మరిన్ని కావాలనడం ఈ గదిలో ఎప్పుడూ జరగలేదు. ఆయన అనుమానంగా చూశారు గానీ సరేనన్నారు.

ఇది ఆదివారం ఒంటిగంటకి వస్తే హెట్టీ చూస్తుంది. కటింగ్ గది చూస్తుంది. చర్చి వాళ్లు పెట్టే సంతలో నా నోటివెంట టబ్బు కథ విన్న ప్రతి ఒక్కరూ చూస్తారు. ఎవరి కొంపా మునగదు. నేను తలెత్తుకుని తిరగలేను, అంతే.

మార్చి 17, గురువారం

జరగాల్సింది జరిగిపోయింది.

టబ్బు భాగం మళ్లీ పెట్టుకున్నాను. ఎన్నోసారో రాయను. హెట్టీ టీ బండి తోసుకుంటూ వచ్చింది. నేను బొత్తాం వెతుక్కునేలోపే తెర మీద పలక వచ్చింది, దుప్పటి వచ్చింది. హెట్టీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

‘అది మన ఆర్లీన్ వాళ్ల టబ్బు కదూ’ అంది.

ఆమె చివరిదాకా నిలబడే చూసింది. అయిపోయాక, ‘ఇస్త్రీ బల్ల’ అంది. ‘పలక నిలవడానికి కింద ఇస్త్రీ బల్ల పెట్టారన్నమాట. ఇన్నేళ్లుగా అదే ఆలోచిస్తున్నా, టబ్బు అంచు గుండ్రంగా ఉంటుంది కదా, పలక జారదా అని.’

నాకు ఒళ్లు మండింది. ఆవిడ తొమ్మిదేళ్లుగా నాకు అబద్ధాలు రాస్తోంది హెట్టీ, మీకు ఇస్త్రీ బల్ల ముఖ్యమా అన్నాను. ఆ ఇంట్లో పిల్లలు లేరు, పాటల బృందం లేదు, ఏమీ లేదన్నాను. గొంతు పెరిగిందేమో, హెట్టీ వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

‘బెర్నార్డ్ ఎలా ఉన్నాడమ్మా?’ అని అడిగింది.

‘బాగున్నాడు’ అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

‘మా చెల్లెలిది లోస్టాఫ్టే తల్లీ. అతన్నీ, ఆ రీటానీ వారం వారం బస్సులో చూస్తుంది. రెండేళ్లుగా నాకు తెలుసు. నేనెప్పుడైనా నిన్నడిగానా?’

నా టీ చల్లారిందని కప్పు తీసుకెళ్లి వేడిది పోసి తెచ్చింది.

మార్చి 18, శుక్రవారం

రీటా అన్న పేరు ఈ డైరీలో నిన్నే మొదటిసారి వచ్చింది. పాత డైరీలు కూడా తిరగేశాను. ‘బౌలింగ్ క్లబ్బులో ఒకావిడ’ అని ఒకచోట ఉంది, దానిమీద సిరా పూసి ఉంది.

మార్చి 21, సోమవారం

విప్పకుండా ఉంచిన ఉత్తరం నిన్న విప్పాను. పిల్ల డ్రైవింగ్ నేర్చుకుంటోందట, కారు తీసుకెళ్లి గ్యారేజీ వెనక గోడలోంచి బయటకు తెచ్చిందట. రెండుసార్లు చదివాను. బాగా రాసింది. గారడ్ గారు తెప్పించిన క్యాసెట్లలో ఆ కారు భాగం చూశాను, అంత బాగాలేదు. తెర మీద గోడ అట్టముక్కని తెలిసిపోతోంది. ఆర్లీన్ ఉత్తరంలో ఇటుకలు కింద పడిన చప్పుడు కూడా వినిపించింది.

ఇవాళ క్యాంటీన్‌లో చదివాను. హెట్టీ ఎప్పటిలాగే కళ్లజోడు తీసి తుడుచుకుంది. నా వంక చూడలేదు.

ఏప్రిల్ 15, శుక్రవారం

ఉత్తరం. ఒకటే కాగితం.

హాల్‌కి ఓరెగన్‌లో ఉద్యోగం వచ్చిందట. ఇల్లు అమ్మేశారట. సామాను అంతా వెళ్లాక హాల్ వెనక్కి పరుగెత్తుకెళ్లి టబ్బు రబ్బరు బిరడా తెచ్చి జేబులో వేసుకున్నాడట. ‘కొత్త అడ్రసు కుదిరాక రాస్తాను. అందాకా రాయకు, ఉత్తరాలు దారి తప్పుతాయి. నా మాటలు ఇన్నేళ్లు ఓపిగ్గా చదివావు’ అని ముగించింది.

ఈసారి మధ్యలో ఎక్కడా ఆగలేదు.

ఇది నిజమే అయ్యుంటుంది. మనుషులు ఓరెగన్‌కి వెళ్తూనే ఉంటారు. అబద్ధాలాడేవాళ్లు కూడా ఇళ్లు మారతారు.

ఏప్రిల్ 16, శనివారం

నిజమే అయ్యుంటుంది.

ఏప్రిల్ 29, శుక్రవారం

కొత్త అడ్రసు రాలేదు. సామాను సర్దుకోవడానికి టైము పడుతుంది.

మే 10, మంగళవారం

చివరి క్యాసెట్లు వచ్చాయి. భోజనం మానేసి ఆఖరి భాగం పెట్టాను.

ఓరెగన్. ఖాళీ గదులు. వాల్టర్ వెనక్కి పరుగెత్తాడు. బిరడా జేబులో వేసుకున్నాడు. భార్య ఒక్కో గదిలో లైటు ఆపుతూ వచ్చింది. స్టూడియోలో కూర్చుని నవ్వే జనం ఈసారి నవ్వలేదు, ఎవరో ముక్కు చీదారు. కౌగిలింతలు ఏడు.

నేను కూడా ఏడ్చాను. వాల్టర్ కోసం కాదు. అడ్రసు ఇక రాదు. ఆమె దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ప్రోగ్రాము అయిపోయింది కాబట్టి నన్ను కూడా ముగించేసింది. ఇరవై ఏడేళ్లు.

మే 11, బుధవారం

రిపోర్టు రాశాను. ‘మనవాళ్లకు నప్పదు. కౌగిలింతలు ఎక్కువ. థాంక్స్ గివింగ్ అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు. వాల్టర్ మరీ మంచివాడు.’ గారడ్ గారు చదివి కాగితం బల్లమీద పెట్టారు. ‘మీరు నవ్వుతుంటే గోడవతల నాకు వినిపించింది’ అన్నారు. దగ్గు అన్నాను. ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి సంతకం చేశారు.

ఈ ఉద్యోగంలో నేను రాసిన తప్పుడు రిపోర్టు ఇదొక్కటే. ఫిబ్రవరిలో అయితే నా పరువు కోసం రాసేదాన్ని. ఇప్పుడు ఆ ఇల్లు ఆమెది అనిపించింది. క్యాంటీన్‌లో నలుగురం విన్నాం, చాలు. మిగతా ఊరికి అక్కర్లేదు.

మే 14, శనివారం

ఉదయమంతా ఆలోచించాను. ఆర్లీన్ రాసినవన్నీ తీసేస్తే ఏం మిగిలింది? కవరు మీద అడ్రసు. ఇరవై ఏడేళ్లుగా నేను అక్కడికే రాస్తున్నాను, అందుతూనే ఉన్నాయి. అదొక్కటే అబద్ధం కాదు.

అందుకని పాత అడ్రసుకే రాశాను. వాల్టర్ మాట ఎత్తలేదు. క్యాసెట్ల మాట ఎత్తలేదు. ఇంతే రాశాను:

‘ప్రియమైన ఆర్లీన్, నువ్వు వెళ్లిపోయి ఉంటే ఇది కొత్తగా వచ్చినవాళ్లు చదువుకుంటారు, పరవాలేదు. బెర్నార్డ్ నన్ను వదిలేసి రెండేళ్లయింది. రీటా అనే ఆవిడతో ఉంటున్నాడు. గులాబీలు కత్తిరించింది నేను. పోయిన క్రిస్మస్‌కి అతను చేశాడని రాసిన పుడ్డింగు నేను కొట్లో కొన్నాను, ఒక్కదాన్నే తిన్నాను. నీకు చెప్పకపోవడానికి కారణం, నీకు రాసే ఉత్తరాల్లో మాత్రం అతను ఇంకా ఇంట్లోనే ఉండేవాడు. నేనెక్కడికీ పోవడం లేదు. సంగతులేమీ లేకపోయినా రాయి.’

టపాపెట్టెలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి వెనక్కి లాగుదామా అనిపించింది. చెయ్యి పట్టదు.

మే 30, సోమవారం

బ్యాంకు సెలవు, మాకూ ఆఫీసు లేదు. బెర్నార్డ్ కోటు కోసం వచ్చాడు. రీటా కారులోంచి దిగలేదు, వాన పడుతోంది కూడా. లాయరు రాసిన విడాకుల కాగితాలు తెచ్చాడు, సంతకం పెట్టాను. ‘నీ అమెరికా స్నేహితురాలు ఎలా ఉంది? ఆ టబ్బు వాళ్లు?’ అని అడిగాడు. ఇల్లు మారారన్నాను. ‘అయ్యో’ అన్నాడు. నిజంగానే అన్నాడు.

కొక్కెం ఖాళీగా ఉంది. నా గొడుగు తగిలించాను.

జూన్ 6

ఏమీ రాలేదు.

జూన్ 10

కరెంటు బిల్లు.

జూన్ 17

ఏమీ రాలేదు. హెట్టీ అడగడం మానేసింది. నాకు టీతో పాటు అడగకుండానే రెండు బిస్కట్లు పెడుతోంది. నాకు ఆమె జాలి ఇష్టంలేదు, బిస్కట్లు తిన్నాను.

జూన్ 24, శుక్రవారం

నీలం కవరు. టోలీడో ముద్ర. వెనక అదే అడ్రసు.

వంటింట్లో నిలబడే చదివాను. ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను, కాగితం పలచన, నలిగిపోతుంది.

‘ప్రియమైన ఏవ్రిల్, నేనూ ఎక్కడికీ పోలేదు. హాల్ 1979 సెప్టెంబర్‌లో పోయాడు. గుండె. పనిలోనే. నీకు రాద్దామని ఒక గురువారం కూర్చున్నాను. ఇంట్లో చప్పుడు కోసం టీవీ పెట్టుకున్నాను. ఇద్దరు పిల్లలు సంచులతో గుమ్మంలో నిలబడ్డారు. అతను పోయాడని రాయడం కంటే వాళ్లు వచ్చారని రాయడం తేలికయింది. ఒక్కసారికే అనుకున్నాను. తర్వాత నీ దగ్గర నుంచి స్వెట్టర్లు వచ్చాయి. ఇక ఎలా చెప్పను?

పిల్లలు లేరు ఏవ్రిల్. టబ్బు ఎప్పుడూ స్నానాల గదిలోనే ఉంది. నేను స్కూలు వంటశాలలో పనిచేస్తాను, చేతులకు ఉల్లిపాయ వాసన పోదు. పెరట్లో నాలుగు టమాటా మొక్కలున్నాయి. ఈ వారం ఇంతకంటే ఏమీ జరగలేదు.

స్వెట్టర్లు ఎవరికీ ఇవ్వలేదు. ఎర్రది విప్పి ఆ ఊలుతో నీలందాన్ని పొడుగు చేసుకున్నాను, చేతులూ నడుమూ. అల్లిక సరిగ్గా రాలేదు, చారలుచారలుగా ఉంది. ఎనిమిది చలికాలాలు అదే వేసుకున్నాను. పిల్లలు ఒంటి మీద నుంచి తీయనంటున్నారని నీకు రాసింది ఒక్కటి నిజం.’

జూన్ 27, సోమవారం

క్యాంటీన్‌కి ఉత్తరం తీసుకెళ్లాను. హెట్టీ అడగలేదు, నేనే చదివాను, ఆమెకు ఒక్కదానికే. అయ్యాక ఆమె తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచింది. ‘టమాటాలా’ అంది చివరికి. ‘ఏ రకమో అడుగు.’

సాయంత్రం బజారులో ఊలు కొన్నాను. నీలమే. పెద్దవాళ్ల కొలతకి ఎన్ని ఉండలు పడతాయని షాపు అమ్మాయి అడిగింది. మనిషిని ఎప్పుడూ చూడలేదని చెప్పాను. ఇంటికొచ్చి ఆర్లీన్‌కి రాశాను: భుజం నుంచి మణికట్టు దాకా ఎంతో టేపు పెట్టి కొలిచి, ఉన్నదున్నట్టు రాయి.